ఇరవై ఏడో సీసా

సోర్వాగుర్ పాయలో సాల్మన్ చేపలు
పక్కకు ఒరిగి ఈదుతున్నాయని కబురొచ్చింది.
ఆ సాయంత్రమే హేయిన్ ఐసు పెట్టెతో దిగాడు,
బూట్ల నిండా నీళ్లు, గడ్డం నిండా ఉప్పు.
"మళ్లీ అదే రోగం కదా?" అన్నాడు.
అదేనో కాదో చెప్పడానికే నాకు జీతం.

మూత్రపిండం కోసి పళ్లెం మీద గీస్తే
మూడో రోజుకి మీగడ చుక్కలు.
నలభై ఒక్క చేపలు, నలభై ఒక్క సీసాలు.
సూక్ష్మదర్శిని కింద అన్నీ అవే పొట్టి కడ్డీలు,
రంగు వేస్తే అదే గులాబీ,
చక్కెర పెడితే అదే పులుపు.
పాత పుస్తకం లెక్కన
అందరిదీ ఒకటే ఇంటిపేరు, ఒకటే పేరు.

మా నాన్నకి గొర్రెలుండేవి.
ఈ దీవుల్లో మందకి కంచె లేదు, చెవిగాటే చిరునామా.
కుడిచెవి కొసన చీలిక మాది,
ఎడమచెవి వెనక రెండు గాట్లు ఎగువింటి వాళ్లది.
పొగమంచులో గొర్రెలు దిగొస్తుంటే
కళ్లు మూసుకుని వేలితో చదివేవాడు.
ఉన్నిని నమ్మొద్దనేవాడు,
వానకో రంగు, ఎండకో రంగు అని.

అందుకే నేనూ చెవులు వెతుకుతాను.

బంగాళాదుంప పిండి గంజిలా కాచి
గాజు పలక మీద పోస్తాను.
పేరుకున్నాక చాకుతో ఒక గీత.
చిదిమిన కణాల రసంలో తడిపిన కాగితపు ముక్కలు
ఆ గీతలో వరసగా నిలబెట్టి
చలిగదిలో రాత్రంతా కరెంటు.
తెల్లారి రంగునీళ్లు పోస్తే
ఊదా చారలు మెల్లగా తేలతాయి,
ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి.
ఎంజైము అదే, చాకిరీ అదే,
నడకే వేరు.

పంతొమ్మిది ముందు వరసలో ఆగాయి,
ఇరవై ఒకటి వెనక వరసలో.
ఇన్నేళ్లూ ఒకే కుండలో తింటున్నారనుకున్న దాయాదులు
ఎప్పుడో వేరు కాపురం పెట్టారు,
మాకు చెప్పలేదు, అంతే.

ఇరవై ఏడో సీసా మాత్రం
ఒక ఎంజైములో ముందువాళ్లతో,
ఇంకోదాంట్లో వెనకవాళ్లతో,
మూడోదాంట్లో ఎవరితోనూ లేదు.

డీఎన్ఏ తీసి కాచాను.
కాగితే జంట పోగులు విడిపోతాయి,
చల్లారుతుంటే తోడు వెతుక్కుంటాయి.
పక్కన పరాయి పోగు పెడితే
ఎంతమేర అల్లుకుంటే అంత చుట్టరికం.
డెబ్బై శాతం దాటితే ఒకే జాతి అని
ఎక్కడో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు అనుకున్నారు.
సముద్రం ఆ సమావేశానికి వెళ్లలేదు.

వెనకవాళ్లతో నలభై కూడా రాలేదు.
ముందువాళ్లతో మొదటిసారి అరవై ఎనిమిది.
రెండోసారి డెబ్బై ఒకటి.
మూడోసారి, నీటితొట్టి వేడి రెండు థర్మామీటర్లతో చూసి,
అరవై తొమ్మిదిన్నర.

కొత్తగా చేరిన పిల్ల, రాన్వా,
కాగితం నిండా లాటిన్ పేర్లు రాసి తెచ్చింది.
ఒకదాంట్లో మా పాయ, ఒకదాంట్లో గాలి,
చివరిదాంట్లో, చెవులెర్రబడుతూ, నా పేరు.
రోగానికి నా పేరా అని నవ్వాను.
కాగితం మాత్రం పారేయలేదు.

హేయిన్ ఫోను చేశాడు.
ఫారంలో ఒక గడి ఉందట, చేపల్ని చంపినదాని పేరు రాయమని.
"పాత పేరే రాసెయ్యనా? ఎలాగూ చుట్టాలేగా."
"రాయకు."
"మరి?"
అవతల గాలి, పంపు చప్పుడు, అతని ఊపిరి.

గాటు పడని గొర్రెపిల్లలు
ఏటా ఒకటో రెండో మందలో దొరికేవి.
ఎవరిదో తేలేదాకా
కొయ్యకూడదు, అమ్మకూడదు.
నాన్న రాతిగోడ పక్కన విడిగా కట్టి మేత వేసేవాడు.
పరాయి నోరని అమ్మ గొణిగేది,
గొణుగుతూనే నీళ్లు పెట్టేది.

"ఇరవై ఏడు అని రాయి" అన్నాను.
అతను అంకెల్లోనా, అక్షరాల్లోనా అని అడిగాడు.

సీసాని మైనస్ ఎనభైలో పెట్టాను,
పై అరలో, రెండు వరసలకీ ఎడంగా.
చీటీ మీద అంకె, తేదీ, చేప బరువు.
పేరుకి వదిలిన చోట
అప్పుడే మంచు పడుతోంది.
సోమవారం నాలుగోసారి కాయాలి.